రోడ్డు పక్కన నిలబడి విను

కిన్వట్‌లో నా చిన్నతనంలో ‘బైక్’ అన్న మాట వినలేదు. మరాఠీ ఇళ్లలో ఫట్‌ఫటి అనేవాళ్లు, మా తెలుగు ఇళ్లలోనూ అదే మాట. చక్రాలను బట్టో వేగాన్ని బట్టో కాదు, చప్పుడును బట్టి పుట్టిన పేరది. పైన్‌గంగ పక్కన ఉన్న ఈ ఊరు 1956 దాకా ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. రాష్ట్రాల హద్దులు మారినప్పుడు నాందేడ్ జిల్లాలో కలిసింది. అందుకే ఇవాళ్టికీ ఇక్కడి చౌరస్తాలో ఎంహెచ్ 26 నంబరు బండి పక్కన టీఎస్ 01 బండి ఆగి ఉంటుంది. మెకానిక్ షెడ్డులో మరాఠీలో మొదలైన బేరం తెలుగులో తెగుతుంది. కొత్తగా బండి కొన్న కుర్రాడు ఆ షెడ్డులో అడిగే మొదటి ప్రశ్న మాత్రం ఏ భాషలోనైనా ఒకటే: “ఉస్తాద్, ఆవాజ్ పెంచాల్నంటే ఎంతైతది?”

ఆ ప్రశ్న నేనూ అడిగాను. అడిగి, పెంచుకుని, ఊరంతా తిరిగినవాణ్ని. అందుకని తమ్ముడూ, ఈ అధ్యాయంలో నిన్ను తిట్టను. పోలీసుల పేరు చెప్పి భయపెట్టడంతో మొదలుపెట్టను. చట్టం సంగతి చెప్పాల్సిన చోట చెబుతాను. ముందు ఆ కోరికనే కాసేపు దగ్గర కూర్చోబెట్టుకుందాం.

మీ నాన్న సైకిల్ మీద తిరిగి ఉంటాడు, లేదా బస్సు కోసం గంటలు నిలబడి ఉంటాడు. ఊళ్లో నిన్ను ఇన్నాళ్లూ ‘ఫలానా వాళ్ల కొడుకు’ అన్నారు. నీ పేరు మీద కాగితం ఉన్న మొదటి ఆస్తి ఈ బండి. కిస్తీ నీ జీతంలోంచే పోతోంది. అది స్టార్ట్ అయినప్పుడు నలుగురు తల తిప్పితే ఒంట్లో ఒక వెచ్చదనం పాకుతుంది. మనిషి కనపడక ముందే ‘వాడొస్తున్నడు’ అని తెలిసిపోవాలనిపిస్తుంది. 2021లో మోహన భోగరాజు పాడిన ‘బుల్లెట్టు బండి’ పాట వచ్చాక హద్దుకు అటూ ఇటూ ఎన్ని పెళ్లి బరాతుల్లో బుల్లెట్ ముందు నడిచిందో నేను చూశాను. గుర్తింపు కావాలనుకోవడం తప్పు కాదు. ఇరవై ఏళ్లకు ఆ ఆకలి లేకపోతేనే నాకు దిగులు.

చిక్కు వేరే చోట ఉంది. నీ బండి చప్పుడు నువ్వు వినే చోట నువ్వు తప్ప మరొకరు ఉండరు. సీటు మీద కూర్చున్నవాడికి సైలెన్సర్ మూతి వెనక్కి ఉంటుంది, గాలి ఎదురుగా కొడుతుంటుంది, నెత్తిన హెల్మెట్ ఉంటుంది. పైగా చెయ్యి థ్రాటిల్ మీద ఉంది కాబట్టి చప్పుడు ఎప్పుడు లేస్తుందో నీ ఒంటికి ముందే తెలుసు. రోడ్డు పక్కనున్న మనిషికి అది తెలియదు. ఇద్దరూ వినేది ఒక్క బండినే, వినిపించేది మాత్రం వేరు.

ఈ సంగతి నాకు ఎలా తెలిసిందో చెబుతాను.

నాది ఆర్‌ఎక్స్ 100. 1985 నుంచి 1996 దాకా మన దేశంలో తయారైన 98 సీసీ టూ స్ట్రోక్ బండి. నా దగ్గరికి వచ్చేసరికి ఇద్దరి చేతులు మారింది. దాని సైలెన్సర్ చివర చిన్న బోల్టు ఉంటుంది. అది విప్పితే లోపలి జాలీ గొట్టం బయటికి వస్తుంది. టూ స్ట్రోక్‌లో పెట్రోలుతో పాటు ఆయిల్ కూడా మండుతుంది, మసి పేరుకుంటుంది. ఆ మసి గీకడానికి కంపెనీవాళ్లే పెట్టిన ఏర్పాటు అది. శుభ్రం చేయడానికి తీసినదాన్ని తిరిగి పెట్టకపోవడమే అప్పట్లో మేము చేసిన మాడిఫికేషన్. ఉస్తాద్ ఒక్క మాటే అన్నాడు: “తియ్యద్దని అంటలేను. తీస్తె ఆవాజ్ వస్తది, పికప్ పోతది. నీ ఇష్టం.” నాకు మొదటి సగమే వినిపించింది.

ఆ యేడు మా అక్క మొదటి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. పాపకు రెండో నెల. ఒక మధ్యాహ్నం దోస్తు వచ్చి, ఆదిలాబాద్ రైలుకు వచ్చే చుట్టాన్ని తీసుకురావాలని బండి అడిగాడు, ఇచ్చాను. అవ్వ పొలం పోయింది. అక్క తిని వస్తానంటే నేను ఉయ్యాల ఊపుతూ కూర్చున్నాను. పాప చాలాసేపు ఏడ్చి అప్పుడే కన్ను మూసింది. కాసేపటికి స్టేషన్ వైపు నుంచి నా బండి చప్పుడు మొదలైంది. మొదట సంతోషమేసింది, దాచను. రెండో గేరు, మూడో గేరు, మలుపు దగ్గర మళ్లీ రెండో గేరు, అన్నీ గుర్తుపడుతున్నాను. ఎంత దూరం నుంచి వినిపిస్తోంది అనుకున్నాను. వీధిలోకి మళ్లాక అది నా చెవుల్లో కాదు, రొమ్ములో కొట్టినట్టైంది. పాప రెండు చేతులూ గాల్లోకి ఎగిరాయి.

అప్పటికే అక్క వంటింట్లోంచి వచ్చింది. ఎంగిలి చెయ్యి చీర కుచ్చిళ్లకు తుడుచుకుంటూ వచ్చి, వంగి, రెండు అరచేతులూ పాప చెవుల మీద దొన్నెల్లా కప్పింది. గట్టిగా ఒత్తలేదు. బండి ఆగేదాకా అలాగే ఉంచి, ఆగాక తీసింది. కంగారు లేదు, విసుగు లేదు. పొయ్యి మీద పాలు పొంగుతుంటే గిన్నె దించినంత మామూలుగా చేసింది. నేను చూస్తుంటే అంది: “రోజూ నువ్వచ్చే యాళ్లకు గిట్లనే పట్టుకుంట గద. అలవాటైంది.”

తిట్టినా బాగుండేదనిపించింది. అప్పటికి నలభై రోజులుగా నేను ఇంటికి ఎంత దర్జాగా వస్తున్నాననుకున్నానో, అన్ని రోజులూ ఈ గదిలో ఆ రెండు చేతులు అలా లేచాయి. ఒక్కసారీ నాకు తెలియలేదు, ఎందుకంటే అన్నిసార్లూ నేను సీటు మీదే ఉన్నాను.

అందుకే ఈ అధ్యాయంలో నేను నీకు ఇచ్చే పని ఒక్కటే, మిగతావన్నీ దాని చుట్టూ తిరిగేవే. సైలెన్సర్ మార్చకముందైనా సరే, మార్చిన తర్వాతైనా సరే, ఒకరోజు నీ బండి దోస్తుకు ఇచ్చి నువ్వు కిందికి దిగు. ఊరి బయట మాహూర్ వైపు రోడ్డులో ఇళ్లు లేని చోటు చూసుకో. రోడ్డు మధ్య గీత నుంచి 25 అడుగులు కొలిచి నిలబడు. వాడిని మామూలుగా ఒకసారి, థ్రాటిల్ పూర్తిగా తిప్పి ఒకసారి నీ ముందు నుంచి పొమ్మను. మొదటిసారి కళ్లు తెరిచి విను. రెండోసారి వెనక్కి తిరిగి నిలబడి విను, బండి ఎప్పుడు వస్తుందో తెలియకుండా.

25 అడుగులని ఊరికే చెప్పలేదు. కంపెనీలో కొత్త మోడల్ చప్పుడు పరీక్షించేటప్పుడు మైకు పెట్టే దూరం ఏడున్నర మీటర్లు, అంటే దాదాపు అంతే. థ్రాటిల్ పూర్తిగా తెరిచిన బండి ఆ దూరంలో ఎంత మోగవచ్చో కేంద్రం లెక్క కట్టింది: 80 సీసీ లోపు బండ్లకు 75 డెసిబెళ్లు, 175 సీసీ లోపు వాటికి 77, అంతకు పైబడ్డ వాటికి 80. నీ బుల్లెట్ చివరి కోవలోది. షోరూమ్ నుంచి బయటికి వచ్చిన రోజున అది ఆ గీత లోపలే ఉంది. జాలీ తీసిన రోజున గీత దాటింది.

డెసిబెల్ అంకెలు మనల్ని సులభంగా మోసం చేస్తాయి. 80కీ 90కీ తేడా పదే కదా అనిపిస్తుంది. కాని పది డెసిబెళ్లు పెరిగితే గాలిలో శబ్దశక్తి పది రెట్లవుతుంది, చెవికి దాదాపు రెట్టింపు మోతగా తోస్తుంది. 85 డెసిబెళ్ల దగ్గర ఎనిమిది గంటలు పనిచేయవచ్చని వృత్తి ఆరోగ్య నిపుణులు లెక్క చెబుతారు. అక్కణ్నుంచి ప్రతి మూడు డెసిబెళ్లకూ ఆ సమయం సగమవుతుంది. 100 దగ్గరికి వచ్చేసరికి పావుగంటే. పోయిన వినికిడి తిరిగి రాదు. మెషిన్ గన్ కనిపెట్టిన హైరమ్ మాక్సిమ్ ఏళ్ల తరబడి ఆ తుపాకుల పక్కనే ఉండి చెవుడు తెచ్చుకున్నాడు. ఆయన కొడుకు హైరమ్ పెర్సీ మాక్సిమ్ 1909లో తుపాకీ సైలెన్సర్‌కు పేటెంట్ తీసుకున్నాడు, ఇంజన్లకూ సైలెన్సర్లు చేశాడు. 

ఇక సైలెన్సర్ లోపలికి వెళ్దాం. అది నోరు నొక్కే డబ్బా అని చాలామంది అనుకుంటారు. ఇంజన్‌లో మంట పుట్టి, ఎగ్జాస్ట్ వాల్వ్ తెరుచుకోగానే పొగ ఒక దెబ్బలా బెండు పైపులోకి దూకుతుంది. ఆ దెబ్బే చప్పుడు. సైలెన్సర్‌లో గదులుంటాయి, రంధ్రాలున్న గొట్టాలుంటాయి. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పోయేటప్పుడు అలలు గోడలకు కొట్టుకుని వెనక్కి వచ్చి ఒకదాన్నొకటి తగ్గించుకుంటాయి. కొన్నిట్లో గాజు ఊలు నింపుతారు, అది మోతను పీల్చుకుంటుంది. వెనక్కి వచ్చే ఆ అలలు ఇంజన్‌కు పనికొస్తాయి కూడా. టూ స్ట్రోక్‌లో మరీ ముఖ్యం. సిలిండర్‌లోంచి పొగతో పాటు జారిపోబోయే కొత్త పెట్రోలు ఆవిరిని ఆ అలే తిరిగి లోపలికి నెడుతుంది.

తూర్పు జర్మనీలో ఎమ్‌జెడ్ కంపెనీ ఇంజనీరు వాల్టర్ కాడెన్ 1950లలో ఈ గొట్టం కొలతల మీదే సంవత్సరాలు కష్టపడ్డాడు. 1961కల్లా ఆయన 125 సీసీ రేసు బండి లీటరుకు 200 హార్స్ పవర్ లెక్కన శక్తి ఇచ్చింది. ఆ యేడే ఆయన రైడర్ ఎర్న్‌స్ట్ డెగ్నర్ స్వీడన్ రేసుకు వెళ్లి తిరిగి రాలేదు. ఆ విద్యంతా తీసుకుని సుజుకీలో చేరాడు. మరుసటి యేడు 50 సీసీ ప్రపంచ చాంపియన్ అయ్యాడు. దేశం దాటించి తీసుకుపోయేంత విలువైన విద్య ఆ గొట్టం ఆకారంలో ఉంది. నేను దాన్ని ఒక బోల్టు విప్పి, లోపలి భాగం షెడ్డు మూలకు విసిరేశాను. ఉస్తాద్ చెప్పినట్టే పికప్ పోయింది. ఎత్తు ఎక్కేటప్పుడు గేరు తగ్గించాల్సి వచ్చేది. దోస్తులతో మాత్రం “మస్తు గుంజుతోంది” అనే చెప్పాను. చప్పుడు పెరిగితే వేగం పెరిగినట్టు చెవి అబద్ధం చెబుతుంది. ఆ అబద్ధాన్ని నోరు అందుకుంటుంది.

నీది కొత్త బండి కాబట్టి నీకు ఇంకో చిక్కుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి అమ్మిన బండ్లన్నీ బీఎస్ 6. వాటి ఎగ్జాస్ట్‌లో తేనెపట్టులాంటి క్యాటలిటిక్ కన్వర్టర్ ఉంటుంది. ప్లాటినం, పల్లాడియం, రోడియం పూసిన దాని అరల గుండా పోతూ విషవాయువులు విరిగిపోతాయి. బెండు పైపుకు ఆక్సిజన్ సెన్సార్ ఉంటుంది. పొగలో ఎంత ఆక్సిజన్ మిగిలిందో అది చెబితే, దాన్ని బట్టి ఇంజన్ కంప్యూటర్ పెట్రోలు కొలుస్తుంది. ‘ఫ్రీ ఫ్లో’ అని అమ్మే పైపు పెట్టి, కన్వర్టర్ తీసేసి, కంప్యూటర్‌కు ఏమీ చెప్పకపోతే లెక్క తప్పుతుంది. మీటరులో పసుపు ఇంజన్ గుర్తు వెలిగితే చాలామంది దానిమీద టేపు అంటిస్తారు, అది నా కళ్లతో చూశాను. పాత కార్బురేటర్ బండ్లలో గాలి ఎక్కువై పెట్రోలు తక్కువవుతుంది. స్పార్క్ ప్లగ్ విప్పి చూడు. ఇటుక రంగులో ఉంటే ఆరోగ్యం. సున్నం రాసినట్టు తెల్లబడితే ఇంజన్ అవసరానికి మించి కాగుతోందని అర్థం. వాల్వు, పిస్టన్ ఆ ఖర్చును తర్వాత నీ జేబులోంచి తీసుకుంటాయి. మే నెలలో మన ఎండలకు ఆ వేడి ఇంకా తోడవుతుంది.

థ్రాటిల్ వదిలినప్పుడు పటపటమని పేలే శబ్దాన్ని కొందరు అలంకారం అనుకుంటారు. మండకుండా పైపులోకి జారిన పెట్రోలు అక్కడి వేడికి అంటుకోవడమే అది. నడుస్తున్న బండి స్విచ్ ఆపి మళ్లీ వేసి ‘ఫటాకా’ కొట్టే విద్య ఇంకా ప్రమాదం. కన్వర్టర్ కరిగి గడ్డకట్టిపోవచ్చు. ఆ దెబ్బ వీధిలో ఎద్దుల బండి పక్కన పేలితే ఏమవుతుందో పత్తి మోసే రైతును అడుగు. బెదిరిన ఎద్దుకు బ్రేకు ఉండదు.

బుల్లెట్ గురించి ప్రత్యేకంగా ఒక మాట, నువ్వు ప్రేమించేది అదే కాబట్టి. పాత 350కి బోరు 70 మిల్లీమీటర్లు, స్ట్రోకు 90. పిస్టన్ చాలా దూరం పైకీ కిందికీ నడవాలి. కింద బరువైన ఫ్లైవీలు నింపాదిగా తిరుగుతుంది. ఫోర్ స్ట్రోక్ కాబట్టి రెండు చుట్లకు ఒక్క మంట. నిమిషానికి వెయ్యి చుట్ల దగ్గర నిలబెడితే సెకనుకు ఎనిమిది దెబ్బలకు కాస్త ఎక్కువ, అంతే. ఒక్కో దెబ్బను విడిగా లెక్కపెట్టగలిగేలా వినిపించే ఆ నింపాదితనమే దాని అందం, అది ఇంజన్‌లోంచి వస్తుంది. జాలీ తీసేస్తే పెరిగేది ఆ దెబ్బ ఒక్కటే కాదు. దానితో పాటు పైస్థాయి గరగర, రేకు మోత అన్నీ లేస్తాయి. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఉండాల్సిన ఖాళీని అవి నింపేస్తాయి. ‘ఇందోరీ’ అనే మోత పైపు పెట్టిన బండిని, మంచి కండిషన్‌లో ఉన్న కంపెనీ సైలెన్సర్ బండిని పక్కపక్కన నిలబెట్టి, ఐడిలింగ్‌లో పది అడుగుల దూరం నుంచి విను. నా చెవికి రెండోదే బుల్లెట్. నీకు మొదటిదే నచ్చితే వాదించను. కాని విను, వినకుండా కొనకు.

ఇప్పుడు చట్టం. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 ప్రకారం రిజిస్ట్రేషన్ కాగితంలో కంపెనీ చెప్పిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ మాటను గట్టిగా నిలబెట్టింది. శబ్దం, పొగ ప్రమాణాలు తప్పిన బండి నడిపితే సెక్షన్ 190(2) కింద మొదటిసారి మూడు నెలల దాకా జైలు, లేదా పదివేల దాకా జరిమానా, లేదా రెండూ. మూడు నెలలు లైసెన్సుకు అనర్హత. మార్పు చేయించిన యజమాని మీద సెక్షన్ 182ఏ కింద ఒక్కో మార్పుకు ఐదువేల జరిమానా పడవచ్చు. రోడ్డు మీద రాసే చలానా మొత్తం రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. నీలాగా హద్దు దాటి అటూ ఇటూ తిరిగేవాడికి ఆ తేడా వల్ల ఒరిగేదేమీ లేదు, ఎందుకంటే సెక్షన్ రెండు వైపులా ఒకటే. విశాఖ బీచ్ రోడ్డులో పోలీసులు పట్టుబడ్డ సైలెన్సర్లను వరసగా పేర్చి రోడ్డు రోలర్ ఎక్కించారు. మహారాష్ట్ర నగరాల్లోనూ ఆ దృశ్యం కొత్త కాదు. కొత్త పైపు పెట్టె మీద ‘రేసు ట్రాక్ కోసం మాత్రమే’ అని సన్నటి అక్షరాల్లో ఉందేమో చూడు. ఉంటే, ఆ ఒక్క వాక్యంతో అమ్మినవాడు తప్పుకున్నాడు, నువ్వు మిగిలావు.

నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెళ్లు, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా 45 దాటకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతాయి. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ వంద మీటర్లు నిశ్శబ్ద ప్రాంతం. గోకుందా దవాఖాన ముందు నుంచి నువ్వు వారానికి ఎన్నిసార్లు పోతావో నీకే తెలుసు.

“అన్నా, చప్పుడుంటేనే లారీవాడు వింటడు, పానం దక్కుతది” అని నాతో చాలామంది అన్నారు. నిజంగా నమ్మి అంటారు కాబట్టి జవాబు కూడా నిజాయితీగా చెప్పాలి. నీకు ప్రమాదం ఎక్కువగా ముందు నుంచి, పక్క నుంచి వస్తుంది. సైలెన్సర్ మూతి వెనక్కి ఉంది. అద్దాలు ఎక్కించి, ఇంజన్ మోతలో పాటలు పెట్టుకున్న డ్రైవర్‌కు నువ్వు పక్కకు వచ్చేదాకా వినపడదు. వినపడ్డా ఏ వైపో తెలియదు. కనపడటం పనికొస్తుంది. 2017 నుంచి కొత్త బండ్లకు హెడ్‌లైట్ ఎప్పుడూ వెలిగే ఏర్పాటు తప్పనిసరి చేసింది అందుకే. పని చేసే వెనక లైటు, లేత రంగు చొక్కా, లారీ అద్దంలో నీ ముఖం కనిపించే చోట నడపడం, వీటిమీద మనసు పెట్టు.

మరి గుర్తింపు ఆకలి సంగతేమిటి? దాన్ని చంపమని నేను చెప్పను. ఆ పైపుకు పెట్టదలచిన డబ్బు ఒక డబ్బాలో వేసి నలభై రోజులు ఉంచు. ఆ నలభై రోజులూ ఆదివారం పొద్దున ఉస్తాద్ షెడ్డుకు వెళ్లు. బండి కడగడానికి కాదు, వినడం నేర్చుకోవడానికి. ఆయన పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజన్ కవర్‌కు ఆనించి, పిడి చెవికి ఆనించి కళ్లు మూసుకుంటాడు. డాక్టరు స్టెతస్కోపు పెట్టినట్టే. టాపెట్ వదులైతే టిక్‌టిక్ అంటుంది, టైమింగ్ చైన్ సాగితే గరగర, బేరింగ్ పోతే లోతుగా ఊళ. బెండు పైపు ఫ్లాంజ్ దగ్గర గాస్కెట్ లీకైతే చిటచిట. నీ బండిలో వీటిలో ఎన్ని ఉన్నాయో ముందు కనిపెట్టు. వదులైన హీట్ షీల్డు బిగించి, టాపెట్లు సరిచేసి, చైన్‌కు నూనె పెట్టి, ఐడిలింగ్ సర్దిన తర్వాత నీ బండి అసలు గొంతు మొదటిసారి వింటావు. చాలామంది కుర్రాళ్లు ఆ గొంతు వినకుండానే గొట్టం కోసేస్తున్నారు. నాకు బాధ అక్కడే.

ఇంకొకటి కూడా చెయ్యి. ఒక సాయంత్రం బండి లేకుండా, మెయిన్ రోడ్డు నుంచి మీ ఇంటి దాకా నడుస్తూ గడపలు లెక్కపెట్టు. ఏ ఇంట్లో పక్షవాతం వచ్చిన ముసలాయన ఉన్నాడు, ఏ ఇంట్లో పదో తరగతి పిల్ల చదువుతోంది, ఎవరు రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకుంటారు. నోటుబుక్కులో రాసుకో. నేను రాసినప్పుడు ముప్పై ఒక్క గడపలయ్యాయి. వాటిలో నాలుగు ఇళ్ల వాళ్ల పేర్లు నాకు తెలియవని తేలింది. ఆ ఇళ్లవాళ్లకు నా బండి మాత్రం బాగా తెలుసు.

ఇప్పటికే మార్చినవాడివైతే కంగారు పడకు. పాత సైలెన్సర్ ఎక్కడుందో వెతుకు. అటక మీద గోనెసంచిలో ఉండవచ్చు, షెడ్డులో ఉండవచ్చు. తుప్పు చూసుకుని, లోపల ఎలుక గూడు పెట్టిందేమో దులిపి బిగించు. గాస్కెట్ కొత్తది వెయ్యి, పాతది మళ్లీ పెడితే లీకవుతుంది. సెన్సార్ వైరు తెగి ఉంటే సర్వీస్ సెంటర్‌లో కంప్యూటర్ పెట్టించి చూపించు. పాతది అమ్మేసి ఉంటే కంపెనీ విడిభాగాల్లో నీ మోడల్ నంబరు చెప్పి తెప్పించుకో. ఖర్చవుతుంది. డబ్బాలో డబ్బు ఉంది కదా.

నా జాలీ సంగతికి వస్తాను. అక్క ఆ మాట అన్న మర్నాడే షెడ్డుకు వెళ్లాను. విసిరేసిన గొట్టం ఈపాటికి పాత ఇనుములో పోయి ఉంటుందనుకున్నాను. ఉస్తాద్ మాట్లాడకుండా లోపలికి తీసుకెళ్లాడు. గోడకు కట్టిన బైండింగ్ తీగ మీద ఎండు చేపల్లా పది పన్నెండు జాలీలు వేలాడుతున్నాయి. ఒక్కోదానికి అట్టముక్క, దానిమీద పెన్సిల్‌తో బండి నంబరు. “ఎవడో ఒకడు తిరిగస్తడని ఉంచిన” అన్నాడు. బిగించి ఇమ్మంటే ఇవ్వలేదు. మసి నన్నే గీకమన్నాడు. పాత హాక్సా బ్లేడు, కిరసనాయిలు ఇచ్చాడు. గీకేసరికి దీపాలు పెట్టే వేళైంది, గోళ్లు నల్లబడ్డాయి. బోల్టు బిగించి కిక్ కొట్టాను. ఆర్‌ఎక్స్ తన సన్నటి గొంతుతో పలికింది. ఎత్తు మీద గేరు తగ్గించకుండానే ఎక్కింది.

వీధి మలుపు తిరిగేసరికి అక్క గడపలో కూర్చుని ఉంది, ఒళ్లో పాప. నన్ను చూడగానే చేతులు రెండూ అలవాటుగా పాప చెవుల వైపు లేచాయి. సగంలో ఆగాయి.